వానపాములకు పంపిన తునికాకు

కామారెడ్డిలో మా గల్లీలో నేను గేటు తీసిన చప్పుడైతే చాలు, ఆడోళ్ళు ముందు తమ చెత్తడబ్బాల దిక్కు చూసుకుంటరు, ఆ తర్వాతనే నా మొహం దిక్కు. ఆకుపచ్చ డబ్బాలో తడిచెత్త, నీలం డబ్బాలో పొడిచెత్త. ఎవరన్నా పాలప్యాకెట్టు తీసుకపోయి కూరగాయల తొక్కల్లో వేస్తే నేను ఊరుకోను. చెయ్యిపెట్టి తీసి, వాళ్ళ అరుగు మీదనే పెట్టి, "ఇది నీదే కదా, మరిచిపోయినట్టున్నవు" అని చెప్పి వస్త. రెండేండ్లు ఇట్లనే కొట్లాడిన. నా మీద కోపంతో ఒకామె నెలరోజులు మాట్లాడలేదు. మాట్లాడకున్నా పర్వాలేదు, తొక్కలు మాత్రం వేరే వేసింది. మా ఆయన ఒకసారి, "నువ్వు పోయినంక నీ సమాధి మీద రెండు డబ్బాలు పెట్టిస్త" అన్నడు. "కడిగి పెట్టు" అన్న.

డిగ్రీలో బాటనీ చదివిన. నౌకరీ రాలేదు, నోరు మిగిలింది. ఆ నోటితో చాలాసార్లు గెలిచిన. ఇప్పుడు రాస్తున్నది మాత్రం గెలిచిన సంగతి కాదు.

మా గల్లీలో సగం ఇండ్లల్లో బీడీలు చేస్తరు. మా అమ్మ కూడా చేసింది. నా కాలేజీ ఫీజు, నా బస్సు పాసు, నా బాటనీ రికార్డు అట్ట, అన్నీ ఆమె చేట మీది నుంచి వచ్చినవే. బీడీ చేసే ఇంట్లో తునికాకు ముక్కలు కుప్పలు కుప్పలుగా మిగులుతయి. నానబెట్టిన ఆకు మీద రేకు ముక్క పెట్టి కత్తెరతో కోస్తే, బీడీకి పనికొచ్చేది కొంచెమే, అంచులన్నీ పక్కన పడిపోతయి. ఆ అంచులను పొద్దుగాల నీళ్ళ పొయ్యిలో పెడతరు. తెల్లారంగనే గల్లీ అంతా పొగ. ఆరబెట్టిన బట్టలకు అదే వాసన, పిల్లల పుస్తకాలకు అదే వాసన. చెత్త వేరు చేసే కొట్లాట అయినంక నాకు దొరికిన కొత్త కొట్లాట ఈ పొగ.

మాకు మూడిండ్ల అవతల ఒక అవ్వ ఉంటది. డెబ్బై దాటింది, ఇంకా చేట ఒళ్ళో నుంచి దించలేదు. ఆమె గడప మీద కూర్చుని ఆకు కోస్తుంటే, అంచులు ఎడమ దిక్కు ఒక కుప్పగా పడతయి. బీడీలు చుట్టడం అయినంక చేట దులిపితే వచ్చే చూరును, అంటే విరిగిన ఆకునూ తంబాకు (పొగాకు) పొడినీ, వేరే ఒక పాత నూనెడబ్బాలో పోస్తది. రెండూ పొయ్యిలోకే పోతయి, అయినా కలపదు.

"రెండూ కాలబెట్టేదే కదా అవ్వా, ఎందుకు ఈ వేరు కాపురం?" అని ఒకసారి అడిగిన.

"ఆకు కుప్పల మేక వచ్చి మూతి పెడ్తది బిడ్డ. అండ్ల తంబాకు ఉంటే మేక కూలవడ్తది."

విన్న. నవ్విన. మరిచిపోయిన.

నా తమ్ముడు దుబాయిలో ఉంటడు. వాని భార్య, అంటే నా మరదలు, ఎల్లారెడ్డిలో ఉంటది. ఊరు దాటినంక రోడ్డు పక్కన వాళ్ళకు చిన్న జాగ ఉంది. ఆ జాగలో రేకుల షెడ్డు కింద నాలుగు తొట్లు కట్టించి, వానపాముల ఎరువు తీసుడు మొదలుపెట్టింది. మా దిక్కు వానపాములను ఎర్రలు అంటరు. బీర్కూర్ దిక్కు ఒక రైతు ఇంటి నుంచి పెయింటు డబ్బాలో రెండు దోసిళ్ళ ఎర్రలు తెచ్చుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. పక్కసీటామె "ఏం తీసుకపోతున్నవు?" అంటే "చేపలు" అని చెప్పిందట. ఎర్రలు అంటే దించేస్తరని భయం. ఆ రెండు దోసిళ్ళు నాలుగు తొట్లు అయ్యేసరికి మూడేండ్లు పట్టింది.

నా మరదలు మెత్తటి మనిషి. ఎవరు ఏమన్నా "అట్లనే" అంటది. పెండ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ కూర వండాలో కూడా తన ఇష్టంగా తేల్చుకోలేదు. ఆ షెడ్డు దగ్గర మాత్రం వేరే మనిషి. తడి గోనెపట్టా లేపి, కింద మట్టిలో మెసులుతున్న ఎర్రలను చూసి, "ఏమమ్మా, తిన్నరా?" అని అడుగుతది. కూరగాయలు పండించే ఆడోళ్ళు ఎరువు కోసం వస్తే, "ఇంకో పది రోజులు ఆగు, పచ్చి ఎరువు ఇయ్యను" అని గట్టిగ చెప్తది. ఆమె నోట్లో నుంచి "ఇయ్యను" అనే మాట నేను అక్కడనే విన్న.

తమ్మునికి ఇదంతా నామోషీ. "మట్టిల పురుగుల పెంచుతున్నదని నా దోస్తులకు ఎట్ల చెప్పాలె అక్కా?" అని ఫోన్లో గునిగేవాడు. ఆ జాగ మీద సిమెంటు ఇటుకలు చేసేటోళ్ళ కన్ను పడ్డది. రోడ్డు పక్క జాగ, లారీ తిరగడానికి వీలు. పోయిన ఎండాకాలం తమ్ముడు చివరి మాట చెప్పిండు: వానకాలం పంట మొదలయ్యేసరికి నాలుగు తొట్ల ఎరువు తీసి చూపిస్తే జాగ ఆమెకే, లేకపోతే ఇటుకలోళ్ళకు. మరదలు నాకు ఫోన్ చేసి, "తీస్త వదినె. పేడ ఉన్నది. ఎండాకే దొరుకుతలేదు" అన్నది.

నిజంగనే దొరకదు. మిషిన్లతో కోసినంక గడ్డి పొలంలనే పడి ఉంటది, దాన్ని ఏరేటోళ్ళు లేరు, అగ్గిపెడతరు. వట్టి పేడలో ఎర్రలు బతకవు, వేడెక్కుతది. కింద మెత్తగ, పొడిగ ఆకు ఉండాలె.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఇక్కడ ఆకు ఎక్కువై కాలబెడుతున్నరు, అక్కడ ఆకు లేక ఏడుస్తున్నరు. పైగా మా సందు చివర ఉండే డ్రైవర్ పొద్దుగాల ఎల్లారెడ్డి దిక్కు నుంచి ట్రాలీ ఆటోలో కూరగాయలు తెస్తడు, మళ్ళా ఖాళీ బండితోనే పోతడు. ఆయనను ఆపి, "ఉత్తగ గాలి మోసుకపోతున్నవు, నా సంచులు మోసుకపో" అన్న. "నువ్వు అడిగితే కాదనేటోడు ఎవడక్కా? కాదంటే సాయంత్రం దాకా వాదిస్తవు" అని ఒప్పుకున్నడు.

మొదటి రెండు సంచులు అవ్వ కోసిన అంచులే. ఎడమ దిక్కు కుప్ప. వారం తర్వాత మరదలు వాట్సాపులో వీడియో పంపింది. నల్లటి మట్టి, దాంట్లో ఎర్రగ, లావుగ, గుంపులుగ ఎర్రలు. వీడియోలో ఆమె నవ్వు ఒక్కటే వినబడుతది. ఆ వీడియోను నేను గల్లీలో ఇంటింటికి తిరిగి చూపించిన. ఒకామె "ఛీ, అన్నం తింటున్నం" అన్నది. అయినా సంచులు తెచ్చి ఇచ్చిండ్రు. రెండు వారాలు మా గల్లీలో పొద్దుగాల పొగ తగ్గింది. గేటు దగ్గర నిలబడి గాలి పీల్చుకుంటూ, ఇది నేను చేసిన పని అనుకున్న. ఆ రెండు వారాలు నేను ఎంత ఎత్తులో నడిచిన్నో నాకు తెలుసు.

ఎండలు ముదురుతున్నయి, మరదలికి గడువు దగ్గరపడుతున్నది, నాకేమో ఇంకా సంచులు కావాలె. అవ్వ దగ్గరికి పోతే సగం సంచే నిండింది.

"ఆ నూనెడబ్బాలది కూడా సంచిల పోయరాదు అవ్వా."

"అది వద్దు బిడ్డ. అండ్ల తంబాకు ఉంటది."

"ఉంటే ఏమాయె? తంబాకు మాత్రం ఆకు కాదా? చెట్టుకు మొలవలేదా?"

"ఆకే. కని అది వేరు, ఇది వేరు."

"మట్టిలో పడితే అన్నీ మట్టే. కుళ్ళిపోతది. నువ్వు దాన్ని పొయ్యిలో పెట్టి గల్లీ అందరి ఊపిరితిత్తుల్లోకి పంపుతున్నవు, అది మంచిదా? నేను చదివింది ఇదే అవ్వా. నాలుగు సంవత్సరాల..." అని ఆగిన, ఎందుకంటే డిగ్రీ మూడేండ్లే. అయినా సర్దుకుని, "నాకు చెప్తవా?" అన్న.

అవ్వ చేట పక్కన పెట్టి లేచింది. "చదువుకున్నదానివి. నీకు నేనేం చెప్త?" అని డబ్బా తెచ్చి సంచిలో బోర్లించింది. పొడి లేచింది. ఇద్దరం తుమ్మినం. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "రెండు డబ్బాలు రెండు డబ్బాలు అని గల్లీ అంత మొత్తుకునేదానివి, నాతోని ఒక్కటి చేయించవడ్తివి" అన్నది. పరాచికం అనుకుని నవ్విన.

అవ్వే పోసినంక మిగతావాళ్ళకు అడ్డేముంది? అందరు చేటలు దులిపిండ్రు. ఆరు సంచులైనయి. మూతులు నేనే కట్టిన.

సంచులు చేరినంక మరదలు ఫోన్ చేసింది. "వదినె, ముందుగాల ఒక్క తొట్ల వేసి చూడనా? నాలుగు రోజులు చూసినంక మిగతా తొట్లల్ల..."

"వానలు తలకాయ మీదికి వచ్చినయి, ఇంకా ఒక్క తొట్టి అంటవేంది? అన్నిట్ల పరిచెయ్యి. నా మీద అనుమానమా?"

"అయ్యో, నీ మీద అనుమానమెందుకు వదినె. అట్లనే."

నీళ్ళు చల్లి, ఒకరోజు నానబెట్టి, నాలుగు తొట్లల్లో పరిచింది.

మూడోరోజు పొద్దుగాల మళ్ళా ఫోన్. ఆమె మాట చిన్నగ ఉంది, పక్కన ఎవరో పడుకుని ఉంటే మాట్లాడినట్టు. "వదినె, ఎర్రలు గోడ ఎక్కుతున్నయి."

దొరికిన బస్సెక్కి పోయిన. తాడ్వాయి దాటినంక రోడ్డుకు ఒక దిక్కు పొలాలు నల్లగ కాలి ఉన్నయి. వేరే రోజైతే పక్కసీటు మనిషితో దాని గురించి వాదన పెట్టుకునేదాన్ని. ఆరోజు కిటికీ మూసుకుని కూర్చున్న.

షెడ్డులో తొట్ల అంచుల నిండా ఎర్రలు. కొన్ని గోడ దిగి, సిమెంటు నేల మీద దారాల లెక్క ఎండిపోయినయి. పట్టా కింద ఉన్నవి కదలలేదు. ఉబ్బి, తెల్లబడి, పట్టుకుంటే వేళ్ళ మీద కరిగిపోతున్నయి. మరదలు ఒక ప్లాస్టిక్ టబ్బులో మంచి మట్టి పోసుకుని, బతికున్నవాటిని ఒక్కొక్కటి ఏరి అందులో వేస్తున్నది. పొద్దు పొడవకముందు నుంచి ఏరుతున్నదట. టబ్బులో అడుగు కూడా నిండలేదు.

నేను తొట్టిలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్న.

మా అమ్మ చేతుల వాసన.

మా అమ్మ పెరట్లో వంకాయ మొక్కలకు పేనుబంక పడితే, చేట దులిపిన చూరును కుండలో నానబెట్టి ఆ నీళ్ళు చల్లేది. తెల్లారేసరికి పేనుబంక రాలిపోయేది. ఆ కుండ పట్టుకుని ఆమె వెనుక నడిచింది నేనే. చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకోవద్దని వీపు మీద ఒక్కటి చరిచేది. పదేండ్ల పిల్లగా ఉన్నప్పుడు తెలిసిన సంగతి, బి.ఎస్సీ. చదివినదానికి గుర్తుకు రాలేదు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట ఒకటే. "నా వల్ల" అనాలె. అక్కడ మేమిద్దరమే ఉన్నం, వినేవాళ్ళు కూడా లేరు. నేను చెయ్యి దులుపుకుని, "నీళ్ళు ఎక్కువ పోసినట్టున్నవు. ఊపిరాడక చచ్చినయి" అన్న.

ఆ మాట ఎట్ల వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు అని రాయొచ్చు. అబద్ధమైతది. అర్థమైతది. జీవితమంతా తప్పు అవతలివాళ్ళ డబ్బాలో ఉంటదని వెతికిన నోరు, ఆరోజు కూడా అలవాటు కొద్దీ అవతలి డబ్బాలోనే చెయ్యి పెట్టింది.

మరదలు తల ఎత్తలేదు. "అయి ఉంటది వదినె" అన్నది. ఇంకో ఎర్రను ఏరి టబ్బులో వేసింది.

కామారెడ్డికి తిరిగి వచ్చిన. గల్లీలో ఎవరికీ చెప్పలేదు. సంచులు అడిగితే, "ఇప్పటికి చాలు, మళ్ళా చెప్త" అన్న. ఇటు ఆకు పేరుకుంటున్నది, అటు వానలు మొదలైనయి. రెండు వారాలకు తమ్ముడు ఫోన్ చేసిండు.

"అక్కా, ఇగ నువ్వన్న చెప్పు దానికి. ఏడుస్తున్నది. జాగ ఇటుకలోళ్ళకు ఇస్తున్న."

"ఇంకోసారి పెట్టనియ్యిరా. మళ్ళా ఎర్రలు తెచ్చుకుంటది."

"తెచ్చుకుని మళ్ళా నీళ్ళు పోసి చంపుతదా? నీళ్ళు ఎక్కువ పోసిందని నువ్వే అన్నవట కదా. అదే చెప్పింది నాతోని. అక్క చూసి చెప్పిందంటే అంతే కదా."

ఫోన్ చెవి దగ్గరే ఉంది. అప్పుడన్నా చెప్పాలె. "చార్జింగ్ అయిపోతున్నది" అన్న.

మర్నాడు ఎల్లారెడ్డి పోయిన. ఈసారి చెప్పాలనే పోయిన. బస్సులో మాటలు వరుసగ పెట్టుకున్న, వకీలు లెక్క. నేను చేరేసరికి షెడ్డు ముందు బూడిద కుప్ప పోసి ఉంది, సిమెంటు ఇటుకలల్ల కలిపే బూడిద. వాన తుంపరకు అది పైన గట్టిపడి పొక్కులు పొక్కులుగ ఉంది. మరదలు గోనెపట్టాలు ఉతికి దండెం మీద ఆరేస్తున్నది. వానలో ఎందుకు ఆరేస్తున్నదో నేను అడగలేదు.

"నీళ్ళు కాదు" అన్న. వరుసగ పెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయినయి. "తంబాకు. సంచుల్లో నేనే పోయించిన. అవ్వ వద్దన్నది. తొట్టిలో చెయ్యి పెట్టినరోజే నాకు తెలిసింది."

ఆమె పట్టా అంచులు సాపు చేసింది. "నాకు ఎర్కనే వదినె."

"ఏం ఎర్క?"

"సంచి మూతి ఇప్పంగనే తుమ్ములొచ్చినయి. కండ్ల నీళ్ళు కారినయి. మా అమ్మ కూడా బీడీలు చేసింది కదా."

నాకు కోపం వచ్చింది. అవును, అప్పుడు కూడా కోపమే వచ్చింది. "మరి చెప్పొద్దా? నోరు లేదా నీకు? ఆరోజు ఫోన్లో ఒక్క మాట అంటే నేను..."

"అన్న కదా. ఒక్క తొట్ల వేసి చూస్త అన్న."

"తంబాకు అని అన్నవా?"

ఆమె నా మొహం దిక్కు చూసింది. పెండ్లయి ఇరవై ఏండ్లలో ఆమె నన్ను అట్ల చూసుడు అదే మొదలు. కోపం లేదు. అలిసిపోయినట్టు ఉంది.

"నీకు ఎవరు చెప్తరు వదినె?" అన్నది.

ఆ తర్వాత చాయ్ పెట్టింది. తాగినం. అక్కడనే కూర్చుని, ఆమె ముందే తమ్మునికి ఫోన్ చేసి అంతా చెప్పిన, తప్పు నాదని, ఆమెది కాదని. "ఇప్పుడు చెప్తే ఎట్ల అక్కా? మాటిచ్చిన. లోడు కూడా దించిండ్రు కదా" అన్నడు. నేను వాదించిన. నాకు వచ్చిన వాదన అంతా వాదించిన. ఊరందరి మీద గెలిచిన నోరు ఆ ఒక్కరోజు పనికి రాలేదు. మరదలు మధ్యలో లేచి గ్లాసులు కడగడానికి పోయింది.

బస్సుకు బయలుదేరేటప్పుడు, "టబ్బుల ఏరినవి ఏమైనయి?" అని అడిగిన.

"ఇంటెనుక జామచెట్టు కింద ఇడిచిన. బతికితే బతుకుతయి. ఇగ నేను తవ్వి చూస్తలేను."

ఇంకో రెండు రోజులకు అవ్వ నన్ను గడప దగ్గర ఆపింది. ఆమె పక్కన నిండు సంచి, మూతి కట్టి ఉంది. నూనెడబ్బా అవతల, గోడకు ఆనించి, వేరే ఉంది.

"బిడ్డా, ఈసారి ఉత్త ఆకే పెట్టిన. నువ్వు కోప్పడ్డా సరే, తంబాకు కలపలే. మనసొప్పలే. ఆటో ఎప్పుడొస్తది?"

నేను ఆమె పక్కన గడప మీద కూర్చున్న. ఎర్రలు చచ్చిపోయినయని, షెడ్డు పోయిందని, ఎందుకు పోయిందో కూడా చెప్పిన. అవ్వ చేటలోని చెయ్యి ఆగింది. "అన్ని సచ్చినయా?" అని అడిగింది. "దాదాపు అన్నీ" అన్న. "అయ్యో, మూగ జీవాలు" అన్నది. నేను చెప్పిన్నా లేదా అని ఆమె అనలేదు. అంటే బాగుండేది. నేనైతే అనేదాన్ని.

అవ్వ, "మరి దీన్నేం చెయ్యాలె?" అని సంచి దిక్కు చూపించింది.

రెండు కుప్పలు వేరు వేరుగ, శుభ్రంగ ఉన్నయి. నేను రెండేండ్లు ఊరంతా మొత్తుకున్నది ఇట్ల ఉంచుమనే. పంపడానికి మాత్రం నాకు జాగ లేదు.

"నాకు తెలువదు అవ్వా" అన్న.

అవ్వ సంచి మూతి ఇప్పి, రెండు పిడికిళ్ళ ఆకు తీసుకుని లోపలికి పోయింది. నీళ్ళు కాగబెట్టుకునే వేళ. పొగ గడప దాటి బయటికి వచ్చి, నా మొహానికి తగిలి, గల్లీలోకి పోయింది. కండ్లు మండినయి. నేను అక్కడనే కూర్చున్న.